కట్టడము వెనుక కట్టుబాటు: నిర్మాణ సంస్థల నిర్వహణ

వరంగల్లు కోట తోరణము ముందు నిలిచి చూచువారు ముందుగా రాతిని చూతురు. పిదప రాతిమీది శిల్పమును చూతురు. ఆ పిదప దానిని నిలిపిన రాజును తలచుకొందురు. ఆ రాయి ఏ గని నుండి వచ్చినది, దానిని ఎన్ని బండ్లు మోసినవి, బండి తోలినవానికి సాయంకాలము కూలి ఎవరు లెక్కించి యిచ్చిరి, వాన వచ్చిన దినమున పని ఆపుమని చెప్పిన దెవరు అను ప్రశ్నలు సాధారణముగా మనకు తోచవు. కట్టడము కంటికి కనబడును. దానిని కట్టించిన కట్టుబాటు కంటికి కనబడదు. ఆ కనబడని దానిని గూర్చియే నేడు మేము నాలుగు మాటలు చెప్పదలచినాము.

ఈ విషయము కేవలము ఇంజనీరులకును కంట్రాక్టరులకును సంబంధించినదని పాఠకులు అనుకొనవచ్చును. అట్లు కాదు. జీవితములో ఒక్కసారియైనను ఇల్లు కట్టుకొనవలెనని ప్రతి గృహస్థుడు తలచును. ఇల్లు కట్టుకొననివాడు సైతము పన్ను కట్టుచునే యున్నాడు; ఆ పన్నుతోనే చెరువులు, రోడ్లు, ఆసుపత్రులు లేచుచున్నవి. మఱియొక సంగతి. తెల్లవారుజామున హనుమకొండలోను, వరంగల్లులోను కూడళ్ల కడ పార, తట్ట, తాపీ చేతబట్టుకొని ఆనాటి పని కొరకు నిలిచియుండు జనమును మనము నిత్యము చూచుచున్నాము. ఆ తావును ‘అడ్డా’ అందురు. నిర్మాణ సంస్థ యనెడి పెద్ద చెట్టునకు ఆ అడ్డా చిట్టచివరి వేరు. చెట్టు సంగతి తెలియవలెనన్న వేరు సంగతియు తెలియవలెను.

ముందుగా మన ప్రాంతపు పాత లెక్కలు చూతము. హనుమకొండలోని వేయిస్తంభముల గుడి 1163లో రుద్రదేవుని కాలమున లేచినది. పాలంపేటలోని రామప్ప గుడిని గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించెను. ఆ గుడి పునాది గోతిలో ఇసుక నింపి దానిపై కట్టడమును నిలిపిరి. శిఖరమునకు బరువు తక్కువైన ఇటుకలను ప్రత్యేకముగా కాల్చి వాడిరి. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఆ గుడి ప్రక్కనే రామప్ప చెరువు కలదు. నర్సంపేట ప్రాంతమున పాఖాల చెరువును గణపతిదేవుని కాలముననే జగదాళ ముమ్మడి త్రవ్వించెను. రాతిని చెక్కువాడు, ఇటుక కాల్చువాడు, మట్టి త్రవ్వువాడు, తూము అమర్చువాడు వేర్వేరు వృత్తులవారు. వీరందరిని ఒక్క వేళకు ఒక్కచోట చేర్చి, ఒకరి పని వెనుక ఒకరి పని తగిలించి నడపకున్నచో ఇట్టి కట్టడములు సాధ్యము కావు.

ఆ నడపుట ఎట్లుండెనో తెలుపు శాసనము ఒకటి కడప జిల్లాలోని పోరుమామిళ్లలో దొరకినది. 1369లో బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు అచ్చట ఒక పెద్ద చెరువును కట్టించెను. దినమునకు వేయిమంది పనివారు, రాళ్లు తెచ్చుటకు నూరు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినట్లు ఆ శాసనము చెప్పుచున్నది. అంతియే కాదు. మంచి చెరువునకు కావలసిన అంగములు పన్నెండని లెక్కించి, ఒక్కొక్కటిగా పేర్కొన్నది. మొదటిది ధర్మబుద్ధియు ధనమును గల ప్రభువు. రెండవది జలశాస్త్రము తెలిసిన పండితుడు. నడుమ నేల, నది, కొండ, గట్టు, రాతి గని మొదలైనవి వచ్చును. చిట్టచివర పన్నెండవది పనిలో ఆరితేరిన జనసమూహము. చేయరాని తప్పులను సైతము ఆరింటిని చెప్పినది. గట్టునుండి నీరు ఊరుట, చవిటినేల, రెండు రాజ్యముల పొలిమేరలో చెరువు నుండుట, నీటికి మించిన ఆయకట్టు మున్నగునవి ఆ దోషములు. పొలిమేర చెరువు దోషమనుట గమనింపదగినది. అది రాతికిని నీటికిని సంబంధించినది కాదు. బాధ్యత ఎవరిదో తేలని చోట కట్టడము నిలువదని చెప్పుట.

ఈ పన్నెండు అంగములలో మొదటిది, రెండవది, చివరిది మనకిపుడు ముఖ్యములు. కట్టించువాడు, తెలిసినవాడు, కట్టువాడు. నేటి భాషలో యజమాని, ఇంజనీరు, కంట్రాక్టరు. ఆరువందల యేండ్లు గడచినను ఏ నిర్మాణమునకైనను మూడు కాళ్లు ఇవియే. మూటిలో ఏ ఒకటి కుంటుపడినను కట్టడము కుంటుపడును.

పాతకాలమున చెరువు కట్టినవానికి ప్రతిఫలమిచ్చు పద్ధతి యొకటి యుండెడిది. దానిని దశబంధమనిరి. చెరువు క్రింది భూమిలో కొంత భాగమును, లేక ఫలసాయములో పదియవ వంతును, కట్టినవానికో దానిని సంరక్షించువానికో మాన్యముగా ఇచ్చుచుండిరి. ఇందలి నేర్పు గ్రహింపుడు. చెరువులో నీరు నిలిచినంతకాలమే వానికి పంట దక్కును. గట్టు తెగినచో వాని రాబడియు తెగును. కావున కట్టువాడు గట్టిగా కట్టును; కట్టిన పిదపను కనిపెట్టియుండును. నేటి కంట్రాక్టులలో పని పూర్తియైన పిదపను కొంతకాలము లోపములను సరిచేయు బాధ్యత కట్టినవానిదేయని వ్రాసి, అంతవరకు కొంత సొమ్మును నిలిపియుంచుట ఆ నీతికి దూరపు చుట్టమే.

ఇక నేటి సంస్థలకు వత్తము. పెద్ద పనులను నడుపుటకు ముఖ్యముగా రెండు మార్గములు కలవు. మొదటిది ప్రభుత్వశాఖ తన ఇంజనీరులతో, తాను నియమించుకొన్న పనివారితో నేరుగా చేయించుట. రెండవది పనిని ఒక సంస్థకు ఒప్పందముపై అప్పగించి, శాఖ పర్యవేక్షణము మాత్రము చేయుట. నైజాము కాలమున నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరు ఆధ్వర్యమున 1923 మొదలు 1931 వరకు నిజాంసాగరము కట్టబడినది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలలోనికి నీరు విడిచిరి. అచ్చట కాంక్రీటు ఆనకట్టకు బదులు రాతికట్టడపు ఆనకట్టను ఎంచుకొనుట ఒక నిర్వహణ నిర్ణయము. యంత్రములు, వాటిని తెప్పించు విదేశీ ద్రవ్యము నాడు దేశమునకు కొరత. రాయి, పనిచేయు చేతులు సమృద్ధి. ఉన్నదానితో పని కుదుర్చుకొనుటయే నిర్వహణ యొక్క మొదటి పాఠము.

నేడు పనులలో అధికభాగము రెండవ మార్గముననే, అనగా సంస్థల ద్వారా, జరుగుచున్నది. సంస్థయన ఏమి? చిన్నవాడు తన పేరుతోనే కంట్రాక్టు పుచ్చుకొనును. లాభమైనను నష్టమైనను అతని యింటిదే. పని పెరిగినపుడు నలుగురు కలిసి భాగస్వామ్యము ఏర్పరచుకొందురు. ఇంకను పెరిగినపుడు లిమిటెడు కంపెనీగా మారుదురు. అప్పుడు కంపెనీ వేరు, అందలి మనుష్యులు వేరు. వాటాదారు తాను పెట్టిన వాటా సొమ్మువరకే బాధ్యుడు. హైదరాబాదులోని నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీ 1978లో భాగస్వామ్య సంస్థగా పుట్టి, 1990లో లిమిటెడు కంపెనీగా మారినది, నేడు ఎన్‌.సి.సి. అను పేర దేశమంతట పనులు చేయుచున్నది. ఇద్దరు డేనిష్ ఇంజనీరులు 1938లో బొంబాయిలో స్థాపించిన లార్సెన్ అండ్ టూబ్రో మఱియొక ఉదాహరణము. వరంగల్లులో పాత కేంద్ర కారాగారముండిన స్థలమున 2021 జూన్ 21న శంకుస్థాపన జరిగిన 24 అంతస్తుల ఆసుపత్రి నిర్మాణము ఆ సంస్థకే అప్పగింపబడినది.

నిర్మాణ సంస్థకును, ఒక మిల్లుకును గల భేదమును తెలిసికొన్నచో దాని నిర్వహణము ఎందుకంత కష్టమో తెలియును. వరంగల్లువారికి ఒకప్పటి ఆజంజాహి మిల్లు జ్ఞాపకము. మిల్లు ఒక్కచోట నిలిచియుండును. బట్ట మాత్రము ఊళ్లకు పోవును. నిర్మాణములో దీనికి విపరీతము. తయారైన సరకు అచ్చటనే నిలిచిపోవును. మిల్లే లేచి పోవలెను. నేడు ములుగులో, రేపు ఒడిశాలో, ఎల్లుండి రాజస్థానములో. ప్రతిచోట నేల వేరు, ఇసుక వేరు, వాన వేరు, మాట వేరు. పనివారు వేరు. కావున సంస్థకు రెండు తలలు వలెను. ఒకటి ప్రధాన కార్యాలయము, మఱియొకటి పని జరుగు చోటు.

ప్రధాన కార్యాలయములో నాలుగైదు విభాగములుండును. టెండరు విభాగము పనుల ప్రకటనలను చూచి, అంచనా వేసి, ధర కోట్ చేయును. కొనుగోలు విభాగము సిమెంటు, ఇనుము, తారు మొదలైన వానిని బేరమాడి తెప్పించును. యంత్రముల విభాగము ఏ క్రేను ఏ చోటనున్నది, ఏది ఖాళీ, ఏది మరమ్మతులో నున్నది లెక్క చూచుచుండును. లెక్కల విభాగము బ్యాంకులతోను, పన్నులతోను పెనుగులాడును. మనుష్యుల నియామకమును, జీతములను చూచునది మఱియొకటి. పని జరుగుచోట ప్రాజెక్టు మేనేజరు ఒకడుండును. చిన్న రాజ్యమునకు అతడు సేనాని. అతని క్రింద సైటు ఇంజనీరులు, వారి క్రింద సూపర్‌వైజరులు. ప్రక్కన సరకు కాచు స్టోరు కీపరు, హాజరు వ్రాయు టైము కీపరు, సిమెంటు దిమ్మలను పరీక్షించు నాణ్యతా సిబ్బంది, ప్రమాదములు కనిపెట్టు భద్రతాధికారి. 1959 అక్టోబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల, అనగా 2002 నుండి జాతీయ సాంకేతిక సంస్థ, ఇట్టి పనులకు ఎందరో ఇంజనీరులను తయారుచేసినది.

పని ఎట్లు చేతికి వచ్చును? ప్రభుత్వశాఖ ముందుగా అంచనా వేయును. ఏటేట ప్రకటించు ప్రామాణిక ధరల పట్టికనుబట్టి, మట్టి త్రవ్వకము ఇంత, కాంక్రీటు ఇంత, గిలాబు ఇంతయని లెక్క కట్టును. పిదప టెండరు పిలుచును. పాల్గొనువాడు కొంత ధరావతు కట్టవలెను. ధరలు విప్పిచూచి, అర్హులలో తక్కువ ధర కోరినవానికి సాధారణముగా పని ఇత్తురు. ఇచ్చటనే మొదటి గండము. పని దక్కవలెనను ఆతురతతో తగని తక్కువకు కోరినవాడు, ఆ లోటును ఎచ్చటనో పూడ్చుకొనవలెను. ఇనుములోనా, సిమెంటులోనా, కూలిలోనా? లోటు ఎన్నడును గాలిలో కలిసిపోదు. అది గోడలోనికైనను పోవును, పనివాని కంచములోనికైనను పోవును.

రెండవ గండము సొమ్ము చేతికి వచ్చు కాలము. దీనిని ఒక చిన్న లెక్కతో చూతము. ఒక సంస్థ 1 కోటి 20 లక్షల రూపాయల పనిని ఒక సంవత్సరములో చేయుటకు ఒప్పుకొన్నదనుకొనుడు. నూటికి ఆరు లాభము, అనగా 7 లక్షల 20 వేలు మిగులునని దాని ఆశ. నెలకు సుమారు 9 లక్షల 40 వేలు ఖర్చు పెట్టవలెను. పని చేసిన పిదప ఇంజనీరు కొలిచి కొలతల పుస్తకములో వ్రాసి, పైయధికారి సరిచూచి, బిల్లు కదిలి, సొమ్ము చేరుటకు మూడు నెలలు పట్టినదనుకొనుడు. అప్పుడు ఎల్లవేళల సుమారు 28 లక్షలు సంస్థ తన చేతినుండి పెట్టియుండవలెను. ఆ సొమ్మును నూటికి పండ్రెండు వడ్డీకి తెచ్చినచో ఏడాది వడ్డీ సుమారు 3 లక్షల 40 వేలు. పని ఎంత చక్కగా సాగినను లాభములో సగమునకు దగ్గరి భాగము ఆలస్యమే తినివేసినది. బిల్లు ఆరు నెలలు ఆగినచో లాభము దాదాపు లేదు. తొమ్మిది నెలలు ఆగినచో నష్టము.

కావున చేతినిండ పనులున్నను సంస్థ కూలిపోవచ్చును. ఇది విన వింతగా నుండును గాని సత్యము. హైదరాబాదు కేంద్రముగా పెద్ద పనులు చేసిన ఐ.వి.ఆర్‌.సి.ఎల్. అప్పుల భారముతో 2018లో దివాలా చట్టము క్రింద విచారణకు పోయినది. నిర్మాణ వ్యాపారములో ఆకలిచేత చచ్చినవారికంటె దాహముచేత చచ్చినవారు అధికులు. పని ఆకలి తీర్చును. నగదు దాహము తీర్చును.

మూడవది కాల నిర్వహణము. ఇల్లు కట్టిన ప్రతివారికి ఇది అనుభవమే. పునాది, దానిపై పీఠము, గోడలు, స్లాబు, గిలాబు, నేల, రంగులు. ఈ వరుస తప్పదు. కాని స్లాబు వేసి దానిని తడుపుచున్న దినములలో వడ్రంగి తలుపులు చేసికొనవచ్చును. ఆ పని ఈ పనికి అడ్డు రాదు. అదే ద్వారబంధములు వేళకు రానిచో గోడపని ఆగిపోవును. గోడ ఆగిన స్లాబు ఆగును. స్లాబు ఆగిన అన్నియు ఆగును. అనగా కొన్ని పనులలో పదిదినముల ఆలస్యమును సైపవచ్చును. కొన్నింటిలో ఒక్కదినము ఆలస్యమైనను మొత్తము కట్టడము ఒక్కదినము వెనుకబడును. ఈ రెండవ జాతి పనుల గొలుసును కనిపెట్టి, దానిపై దృష్టి నిలుపు గణితపద్ధతిని 1957 ప్రాంతమున అమెరికాలో డ్యూపాంట్ సంస్థ కొరకు రూపొందించిరి. నేడు పెద్ద సంస్థలన్నియు దానిని కంప్యూటరుపై నడుపుచున్నవి. సూత్రము మాత్రము మన యింటి ద్వారబంధములో నున్నదే.

ఈ కాలనిర్వహణకు ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణము న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనము. 1930 మార్చి 17న ప్రారంభించి 1931 మే 1న 102 అంతస్తుల భవనమును తెరచిరి. నగరము నడుమ సరకు నిలువచేయుటకు తావు లేదు. కావున ఇనుము మొదలైనవి కావలసిన వేళకే వచ్చునట్లు ఏర్పాటు చేసిరి. ఒక్కొక్క అంతస్తులో చిన్న పట్టాలు పరచి తోపుబండ్లపై సరకు నడిపిరి. మధ్యాహ్నము పనివారు క్రిందికి దిగి మరల ఎక్కుటకు వేళ వృథా కాకుండ భోజనశాలలను పై అంతస్తులలోనే పెట్టిరి. పనివాని భోజనమును గూర్చి ఆలోచించినందున భవనము త్వరగా లేచినది.

దీనికి మారుగా మన హనుమకొండలోనే ఓపిక నేర్పిన కట్టడమొకటి కలదు. వేయిస్తంభముల గుడి కల్యాణమండపము క్రుంగుచుండుటచే 2006 ప్రాంతమున పురావస్తుశాఖవారు దానిని విప్పదీసిరి. స్తంభములు, దూలములు, రాళ్లు ఏది ఎచ్చటిదో గుర్తులుంచి పేర్చిరి. మరల నిలిపి 2024 మార్చి 8న, మహాశివరాత్రినాడు తెరచిరి. పదునెనిమిది యేండ్లకు దగ్గరి కాలము పట్టినది. రాతిని విప్పుట కొన్ని నెలల పని. తగిన శిల్పులను, రాతిని, నిధులను, అనుమతులను ఒక్కచోట కూర్చుట ఏండ్ల పని. నూతన భవనపు లెక్కతో పురాతన కట్టడమును కొలువరాదు గాని, ఆలస్యము ఎచ్చట పుట్టునో ఇది తెలుపును. ఆలస్యము ఉలి కడ కాక, ఉలికిని నిర్ణయమునకును నడుమ పుట్టును.

ఇక చెట్టు వేరు సంగతి. సంస్థ తాను ఒప్పుకొన్న పనినంతటిని తానే చేయదు. మట్టిపని ఒకరికి, సెంట్రింగు ఒకరికి, ఇనుప చువ్వలు వంచి కట్టుట ఒకరికి, రంగులు మఱియొకరికి ముక్కలుగా ఇచ్చును. ఆ ముక్క పుచ్చుకొన్నవాడు ఒక మేస్త్రీకి ఇచ్చును. మేస్త్రీ గుంపును తెచ్చును. మన తెలంగాణమున గోడకట్టువానిని సుతారి అందురు; సుతారి వెంట ఒకరిద్దరు చేయందించువారుందురు. ఈ అంచెల పద్ధతికి పెద్దపేరు తెచ్చినది పాలమూరు. మహబూబునగరు జిల్లా మెట్టనేలలలో బ్రతుకు దొరకక, గుంపు మేస్త్రీల వెంట కుటుంబములకు కుటుంబములు బయలుదేరి దేశములోని ఆనకట్టలన్నింటను మట్టి మోసినవి. ‘పాలమూరు లేబరు’ అను మాట ఇంజనీరుల నోట ఒక బిరుదువలె నడచినది. బయలుదేరుటకు ముందే మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చును. పెండ్లికో, వైద్యమునకో, పాత అప్పునకో ఆ సొమ్ము ఖర్చగును. ఆ బాకీ తీరువరకు మనిషి కదలరాదు. కంపెనీ పుస్తకములో అతని పేరు తరచు ఉండదు. మేస్త్రీ చిట్టాలో బాకీ మాత్రముండును.

అంచెలు ఉండుట తప్పు కాదు. ప్రతి సంస్థయు ప్రతి వృత్తివానిని ఏడాది పొడుగున పోషింపలేదు. తప్పంతయు అంచె దిగినకొలది సొమ్ము తగ్గుచు, బాధ్యత జారుచు పోవుటలో నున్నది. ఇందుకు దూరపు ఉదాహరణ లక్కరలేదు. మా యింటిలోనే జరిగినది చెప్పుదుము.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము హనుమకొండలో మా యింటి పై అంతస్తు వేయించితిమి. మేస్త్రీకి గుత్తగా ఇచ్చితిమి. స్లాబునాడు, వాడుక ప్రకారము, మిక్సరుతో సహా వేరొక గుంపు ఒక్కదినము కొరకు వచ్చినది. మధ్యాహ్నము వేళ తట్టతో నిచ్చెన ఎక్కుచున్న ఒక స్త్రీ కాలు జారి పడినది. కాలి యెముక విరిగినది. ఆసుపత్రికి పంపితిమి. పిదప మేస్త్రీని అడిగితిమి. ఆమె తన మనిషి కాదు, స్లాబు గుంపు మనిషియని అతడనెను. గుంపువానిని అడిగితిమి, సంఖ్య తక్కువ పడినందున ఆ ఉదయము అడ్డాలో పిలుచుకొని వచ్చితిని, ఆమె ఎవరో తనకును తెలియదని అతడనెను. ఇరువురును అబద్ధమాడలేదు. వైద్యపు ఖర్చు మేము భరించితిమి. కాని ఆమె పనికి పోలేని మూడు నెలల కూలి ఎవరు భరించిరి? ఎవరును భరింపలేదు. మేమును భరింపలేదు. ఆనాడు మాకది తోచనైనను లేదు. ఆమె పేరు మేము ఆసుపత్రి చీటీ వ్రాయించునపుడు మాత్రమే తెలిసికొంటిమి. ఉదయము నుండి మా గడపలో పనిచేసిన మనిషి పేరు!

చట్టము ఈ సంగతిని ఎరుగనిది కాదు. 1970లో కంట్రాక్టు కార్మికుల చట్టము వచ్చినది. కంట్రాక్టరు కూలి ఇయ్యనిచో పని చేయించుకొన్న ప్రధాన యజమాని ఇచ్చి, పిదప కంట్రాక్టరు వద్ద రాబట్టుకొనవలెనని అందు విధించిరి. 1976లో ఒకే పనికి స్త్రీపురుషులకు సమానవేతనమను చట్టము, 1979లో ఇతర రాష్ట్రములకు పోవు వలస పనివారి చట్టము వచ్చినవి. 1996లో ప్రత్యేకముగా భవన నిర్మాణ కార్మికుల కొరకే చట్టము చేసి, నిర్మాణవ్యయముపై నూటికి ఒక రూపాయి చొప్పున సెస్సు వసూలు చేసి సంక్షేమనిధికి జమ చేయునట్లు ఏర్పాటు చేసిరి. 2019లోను, 2020లోను చేసిన కార్మిక స్మృతులలోనికి ఈ చట్టముల విషయములను చేర్చిరి. 18 మొదలు 60 ఏండ్ల నడుమ వయస్సు కలిగి, గత పండ్రెండు నెలలలో 90 దినములు నిర్మాణపు పని చేసినవారు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకొనవచ్చును. ప్రమాదము, మరణము, ప్రసవము మొదలైన సమయములలో సహాయము పొందు మార్గమది. కాని 90 దినములు పనిచేసినట్లు సాక్ష్యము ఏది? హాజరు పట్టీలో పేరున్ననే కదా! పేరు వ్రాయని చోట చట్టము చేయి చాచినను అందుకొనుటకు చేయి కనబడదు. మంచి సంస్థకును చెడు సంస్థకును భేదము చూడవలెనన్న వాని కార్యాలయపు అద్దములను చూడనక్కరలేదు. సైటులో టైము కీపరు వ్రాయు హాజరు పుస్తకమును చూచిన చాలును.

గృహస్థులు తమ ఇంటిపనిలో దీనినుండి గ్రహింపదగినవి కొన్ని కలవు. ఇల్లు కట్టు నాలుగైదు నెలలు మీరే ఒక చిన్న నిర్మాణ సంస్థకు అధిపతులు. మొదట, నోటిమాటకు బదులు ఒప్పందము వ్రాసికొనుడు. చదరపు అడుగునకు ఇంతయని మాత్రమే వ్రాసిన చాలదు. ఏ సిమెంటు, ఎంత మందము గోడ, కిటికీలెన్ని, నీటితొట్టి అందులో చేరునా లేదా అనునవి విడివిడిగా వ్రాయవలెను. తగవులలో అధికభాగము వ్రాయని వస్తువు కడనే పుట్టును. రెండవది, సొమ్ము పనివెంట నడువవలెను. పనికి ముందు పరుగెత్తరాదు, పనికి మిగుల వెనుక పడరాదు. పునాదికి ఇంత, స్లాబునకు ఇంత, గిలాబునకు ఇంత అని మెట్లు ఏర్పరచి, మెట్టు పూర్తియైన వారములో చెల్లింపుడు. మీరు ఆలస్యము చేసిన సొమ్ము మేస్త్రీ కడుపునకంటె ముందు కూలివాని కడుపును కాల్చును. మూడవది, కొంత సొమ్ము, నూటికి అయిదు అనుకొనుడు, ఒక వానకాలము గడచువరకు నిలుపుకొని, కారుట లేదని చూచి ఇచ్చునట్లు ముందే ఒప్పుకొనుడు. ఇది దశబంధపు నీతి. నాలుగవది, ఒక నూరుపుటల పుస్తకము కొని, తేదీ, వచ్చిన సరకు, జరిగిన పని, వచ్చిన మనుష్యుల పేర్లు ప్రతిదినము వ్రాయుడు. ఇంటిలో చదువుకొనుచున్న పిల్లలకు ఆ పని అప్పగింపవచ్చును. అయిదవది, పరంజా, నిచ్చెనలు గట్టిగా కట్టినది లేనిది పని మొదలగుటకు ముందు మీరే చూడుడు. విద్యుత్తు తీగెల క్రింద చువ్వలు పైకెత్తనీయకుడు. వచ్చిన పనివారికి సంక్షేమమండలి నమోదు కలదా యని అడుగుడు. లేనిచో మీ పుస్తకములోని పుట వారికి సాక్ష్యముగా అక్కరకు రావచ్చును.

2015లో తెలంగాణ ప్రభుత్వము ‘మిషన్ కాకతీయ’ పేర 46,500లకు పైగా చెరువులను బాగుచేయు పనికి పూనుకొన్నది. ఆ పనులనేకములు ఊరూర చిన్న కంట్రాక్టరుల చేతిమీదుగా జరిగినవి. పనిచోటికి ఊరివారు వచ్చి నిలిచి, ఎంత పూడిక తీసిరో చూచి, ఆ మట్టిని తమ పొలములకు తోలుకొనిపోయిరి. మట్టితో పొలమునకు పనియున్నవాడు త్రవ్వకపు లోతును తానే కనిపెట్టును. అతనికి మించిన తనిఖీదారు ఎవరుందురు? నిర్వహణమనునది పెద్ద కార్యాలయములలో మాత్రమే పుట్టు విద్య కాదనుటకు ఇది నిదర్శనము.

పాలంపేట గుడిలోని దేవుడు రామలింగేశ్వరుడు. కట్టించినవాడు రేచర్ల రుద్రుడు. ఏలినవాడు గణపతిదేవుడు. అయినను జనులు ఆ గుడిని దేవుని పేరను, సేనాని పేరను, రాజు పేరను పిలువక, రామప్ప గుడియనియే పిలుచుచున్నారు. రామప్ప అనునది దానిని చెక్కిన శిల్పి పేరని మన ప్రాంతపు నమ్మకము. కట్టినవాని పేరు నిలుపుకొనుట వరంగల్లు సీమకు క్రొత్త కాదు. రేపు మీ గడప ముందు స్లాబునకు ఇసుక, కంకర దించిన ఉదయమున పుస్తకము తెరచి, తట్టతో వచ్చిన మొదటి మనిషిని పేరడిగి వ్రాసికొనుడు. పని అచ్చటనుండి మొదలు పెట్టుడు.